కుక్కకి షాక్ ఇచ్చే బటన్ మీ ఫోన్‌లో ఎందుకు?

"బ్రో, మూడు వేలలో మంచి డాగ్ ట్రైనింగ్ కాలర్ ఏది?" ఇయర్‌బడ్స్ గురించి, పవర్ బ్యాంకుల గురించి అడిగినంత మామూలుగా ఈ మధ్య ఫ్రెండ్స్ నన్ను ఇది అడుగుతున్నారు. అడిగేవాళ్లంతా కుక్కంటే ప్రాణం పెట్టేవాళ్లే. ఆఫీసు నుంచి వచ్చేసరికి సోఫా చింపేసి ఉంటుంది, లిఫ్ట్ చప్పుడైతే మొరుగుతుంది, గేటు తీస్తే పరిగెత్తేస్తుంది. గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లం కాబట్టి దీనికీ ఒక గ్యాడ్జెట్ ఉంటుందని మనకి అనిపిస్తుంది. ఉంది కూడా.

స్పెక్ షీట్ చూస్తే టెంప్ట్ అవ్వడం ఖాయం. రీచార్జబుల్ బ్యాటరీ, వాటర్‌ప్రూఫ్ బాడీ, వందల మీటర్ల రేంజ్, మూడు మోడ్‌లు. బీప్, వైబ్రేషన్, ఇంకోటి... ఆ ఇంకోదాన్ని షాక్ అని మాత్రం పెట్టె మీద రాయరు. "స్టాటిక్" అంటారు, "స్టిమ్యులేషన్" అంటారు, "కరెక్షన్" అంటారు. లెవెల్స్ ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా ఉండే మోడల్స్ ఉన్నాయి. కొన్నిటికి యాప్ కూడా వస్తుంది. ఫోన్‌లో స్లైడర్ జరిపితే కుక్క మెడ దగ్గర ఉన్న రెండు మెటల్ పిన్నుల మధ్య కరెంటు పాస్ అవుతుంది.

నా జవాబు: కొనొద్దు. అయితే దానికి నేను చెప్పే కారణం మీరు మామూలుగా వినేది కాదు. "కుక్కల ట్రైనింగ్‌లో శిక్ష అనేదే ఉండకూడదు" అని నేను అనట్లేదు. శిక్ష ఉంటుంది, రివార్డ్‌తో నేర్పే మంచి ట్రైనర్ల దగ్గర కూడా ఉంటుంది. నా అభ్యంతరం ఏంటంటే, శిక్షల్లో అన్నిటికంటే తేడా కొట్టే రకాన్ని తీసుకెళ్లి, దాన్ని అన్నిటికంటే తప్పు చోట, అంటే తొందరలో ఉన్న మనిషి బొటనవేలి కింద, పెడుతున్నారు.

ముందు పేర్ల గోల తేల్చుకుందాం

ఈ సబ్జెక్టులో సగం గొడవలు పదాల వల్లే. బీఎఫ్ స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ నుంచి వచ్చిన భాషలో పాజిటివ్, నెగెటివ్ అంటే మంచీ చెడూ కాదు. ఉత్త ప్లస్, మైనస్. ఏదైనా కలిపితే పాజిటివ్, తీసేస్తే నెగెటివ్. దానివల్ల ఆ పని పెరిగితే రీఇన్‌ఫోర్స్‌మెంట్, తగ్గితే పనిష్‌మెంట్. టూ బై టూ టేబుల్, నాలుగు గడులు, అంతే.

కుక్క కూర్చుంది, చికెన్ ముక్క ఇచ్చారు, ఇప్పుడు అది ఎక్కువగా కూర్చుంటోంది. ఇది పాజిటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. కారులో సీట్ బెల్ట్ పెట్టుకునేదాకా టింగ్ టింగ్‌మని ప్రాణం తీసే సౌండ్, బెల్ట్ పెట్టగానే ఆగుతుంది చూడండి, అది నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. మొరిగితే కరెంటు తగలడం పాజిటివ్ పనిష్‌మెంట్. ఇక డ్యుయోలింగోలో ఒక్క రోజు మిస్సయితే రెండొందల రోజుల స్ట్రీక్ గాల్లో కలిసిపోతుంది కదా? చేతిలో ఉన్న మంచిదాన్ని తీసేసుకున్నారు. అది నెగెటివ్ పనిష్‌మెంట్ ఫ్యామిలీలోది. ఎవరూ మనల్ని కొట్టలేదు, తిట్టలేదు, అయినా రాత్రి పదకొండున్నరకి లేచి స్పానిష్ లెసన్ చేస్తాం.

ఈ టేబుల్‌లో ఇంకో మెలిక ఉంది. శిక్ష అవునా కాదా అనేది మన ఉద్దేశాన్ని బట్టి తేలదు, కుక్క ప్రవర్తనని బట్టి తేలుతుంది. అది మొరుగుతుంటే మనం "ఏయ్! నోర్ముయ్!" అని గట్టిగా అరుస్తాం. మన దృష్టిలో అది తిట్టు. కుక్కకి మాత్రం "ఓహో, వీడు కూడా నాతో కలిసి మొరుగుతున్నాడు" అనిపించొచ్చు. మొరగడం పెరిగిందంటే ఆ అరుపు శిక్ష లెక్కలోకి రాదు, రివార్డ్ లెక్కలోకి వస్తుంది.

డాల్ఫిన్‌కి బెల్ట్ కట్టలేరు

రివార్డ్ ట్రైనింగ్ ఇంత పాపులర్ అవ్వడానికి పెద్ద కారణం డాల్ఫిన్లు. కారెన్ ప్రయర్ అనే ఆవిడ 1960ల్లో హవాయిలోని సీ లైఫ్ పార్క్‌లో డాల్ఫిన్లకి ట్రైనింగ్ ఇచ్చేవారు. తర్వాత 1984లో "డోంట్ షూట్ ద డాగ్" అనే పుస్తకం రాశారు, కుక్కల ప్రపంచంలో క్లిక్కర్ ట్రైనింగ్ వ్యాపించడంలో ఆవిడది ముఖ్యమైన పాత్ర. డాల్ఫిన్‌ని కొడదామంటే ఈదుకుంటూ అవతలికి వెళ్లిపోతుంది. మెడకి పట్టీ వేద్దామంటే మెడే లేదు. అందుకని విజిల్, చేప. సరైన పని చేసిన క్షణంలో విజిల్, ఆ వెంటనే చేప.

మరి డాల్ఫిన్ మొండికేస్తే? మనిషిని నెట్టేస్తే? ట్రైనర్ చేపల బకెట్ తీసుకుని కాసేపు పక్కకి వెళ్లిపోవడం. దీన్నే టైమ్ అవుట్ అంటారు. పైన చెప్పిన టేబుల్‌లో పెడితే ఇది పక్కాగా నెగెటివ్ పనిష్‌మెంట్. అంటే "శిక్షే లేని ట్రైనింగ్" అని మనం చెప్పుకునేదాని పుట్టింట్లోనే శిక్ష ఉందన్నమాట.

ఇంట్లో కుక్కపిల్ల విషయానికొస్తే, ఆడుతూ చెయ్యి కొరికితే ఆట అక్కడే ఆపేసి లేచిపోతాం. చుట్టాల మీదకి ఎగిరితే వాళ్లు అటు తిరిగి నిలబడతారు. వాకింగ్‌లో లాగితే మనం చెట్టులా ఆగిపోతాం. ఇవన్నీ శిక్షలే. సోషల్ మీడియాలో కొందరు డాగ్ ట్రైనర్లు ఈ మాట ఒప్పుకోరు, "మాది వంద శాతం పాజిటివ్" అంటారు. మార్కెటింగ్‌గా బాగుంటుంది, కానీ ఆ స్లోగన్ వల్ల ఒక నష్టం ఉంది. శిక్ష అన్న పదాన్నే దాచేస్తే, ఏ శిక్ష ఎంతవరకు ఓకే అనే అసలు చర్చ జరగదు. ఆ ఖాళీలోకే షాక్ కాలర్ అమ్మేవాడు వచ్చి "వాళ్లవి కబుర్లు, మాది రిజల్ట్" అంటాడు.

పైగా ఈ మెత్తని శిక్ష కూడా ఫ్రీగా రాదు. ఆట ఆపేసి, బదులుగా ఏం చెయ్యాలో చూపించకపోతే కుక్కకి చిర్రెత్తుతుంది. ముందుకంటే గట్టిగా మొరుగుతుంది, ఇంకా గట్టిగా కొరుకుతుంది. "ఎర్రర్" అని మాత్రం చెప్పి, ఏ లైన్‌లోనో చెప్పని కంపైలర్‌తో పని చేసినట్టుంటుంది దానికి. అందుకే బాగా నేర్పేవాళ్లు ముందు ఇంకో పని నేర్పుతారు. చుట్టాలు వస్తే ఎగరడం బదులు చాప మీద కూర్చో, బిస్కెట్ వస్తుంది. ఆ పని బాగా వచ్చాక, ఎగిరితే మనిషి అటు తిరుగుతాడు అనేది దానికి అర్థమయ్యే ఇన్ఫర్మేషన్ అవుతుంది.

శిక్ష పనిచెయ్యాలంటే ఏం కావాలి?

ఇక్కడ ఇంజనీర్‌లా ఆలోచిద్దాం. పాజిటివ్ పనిష్‌మెంట్ అసలు పనిచెయ్యదు అనడం అబద్ధం. ల్యాబ్‌లో పనిచేస్తుంది. నేథన్ ఆజ్రిన్, విలియం హోల్జ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1966లో దీని మీద అప్పటిదాకా తెలిసినదంతా ఒకచోట పెట్టారు. వాళ్లు చెప్పిన షరతుల్లో మూడు మనకి ముఖ్యం. శిక్ష ఆ పని జరిగిన వెంటనే పడాలి. జరిగిన ప్రతిసారీ పడాలి. మొదటి నుంచే గట్టిగా ఉండాలి, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోకూడదు, ఎందుకంటే అలా పెంచితే జంతువు అలవాటు పడిపోతుంది.

ఈ మూడిటినీ రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ అనుకుని, ఆ మూడు వేల కాలర్‌ని టెస్ట్ చేద్దాం.

వెంటనే అన్నదాన్ని ముందు చూడండి. కుక్క రోడ్డు మీదకి పరిగెత్తింది. మీరు జేబులోంచి ఫోన్ తీయాలి, అన్‌లాక్ చెయ్యాలి, యాప్ తెరవాలి, బ్లూటూత్ కనెక్ట్ అయ్యి ఉండాలి, బటన్ నొక్కాలి. ఎంత ఫాస్ట్‌గా చేసినా సెకన్లు పోతాయి. ఆ లోపు కుక్క మీ గొంతు విని వెనక్కి తిరిగి మీ వైపే వస్తూ ఉండొచ్చు. కరెంటు తగిలేది అప్పుడు. అంటే దానికి మీరు నేర్పింది "పిలిస్తే రాకు" అని. విడిగా రిమోట్ ఉన్న మోడల్స్ దీనికంటే నయమే, కానీ చూసి, నిర్ణయించుకుని, నొక్కే మనిషి లేటెన్సీ ఎక్కడికీ పోదు.

ప్రతిసారీ అన్నది మనుషుల వల్ల కాదు. ఆఫీసులో ఉన్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, కాలర్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు కుక్క ఆ పని చేస్తూనే ఉంటుంది, దానికి మజా వస్తూనే ఉంటుంది. దీనికి మన ఊరి ఉదాహరణ ట్రాఫిక్ చలానా. హైదరాబాద్‌లో బండి నడిపేవాళ్లకి చెప్పక్కర్లేదు. హెల్మెట్ లేకుండా పోయినందుకు ఫైన్ ఎప్పుడో తర్వాత మెసేజ్‌లో వస్తుంది, అది కూడా కెమెరా ఉన్న చోట దొరికితేనే. దాంతో జనం ఏం నేర్చుకున్నారు? కెమెరా ఎక్కడుందో నేర్చుకున్నారు. సిగ్నల్ దగ్గర హెల్మెట్ పెట్టి దాటాక తీసేసేవాళ్లున్నారు, నంబర్ ప్లేట్ మీద కర్చీఫ్ కట్టేవాళ్లున్నారు. కుక్క కూడా అంతే తెలివైనది. కాలర్ మెడలో ఉంటే ఒకలా, లేకపోతే ఒకలా.

ఇక మూడోది. ఆ తొంభై తొమ్మిది లెవెల్స్ స్లైడర్ గురించి అమ్మేవాళ్లు "తక్కువ నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచండి" అని దయగా చెప్తున్నట్టు ఉంటుంది. ఆజ్రిన్, హోల్జ్ లెక్క ప్రకారం సరిగ్గా అదే తప్పు పద్ధతి. 5 పనిచెయ్యలేదని 10, అది పనిచెయ్యలేదని 20. చివరికి మంచి మనసుతో మొదలుపెట్టిన మనిషే 60 దగ్గర తేలతాడు, కుక్క ఇంకా పరిగెత్తుతూనే ఉంటుంది. పోనీ మొదటే గట్టిగా ఇద్దామా అంటే, ఏ యజమానికి చేతులొస్తాయి? రావు, రాకూడదు కూడా. ఈ ప్రొడక్ట్ పనిచెయ్యాలంటే మీరు క్రూరంగా ఉండాలి, మీరు మంచివాళ్లైతే అది పనిచెయ్యదు. ఇది డిజైన్ లెవెల్‌లోనే ఉన్న బగ్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో పోయేది కాదు.

జీపీఎస్ ఫెన్స్ కాలర్లది ఇంకో కథ. మ్యాప్ మీద గీత గీస్తే అది దాటినప్పుడు షాక్. ఫోన్ జీపీఎస్ ఓపెన్ ప్లేస్‌లోనే సుమారు ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు ఉంటే ఇంకా ఎక్కువ. ఫుడ్ డెలివరీ యాప్‌లో మన లొకేషన్ పక్క వీధిలో చూపిస్తే నవ్వుకుంటాం. అదే ఎర్రర్ కుక్క మెడ మీద పడితే, సొంత వాకిట్లో పడుకున్నందుకు దానికి షాక్.

మా కాంప్లెక్స్‌లో ఒక బీగిల్ ఉండేది. పగలంతా మొరుగుతోందని పక్క ఫ్లాట్ ఆంటీ గొడవపడితే, వాళ్లు యాంటీ బార్క్ కాలర్ పెట్టారు. అది మొరిగితే దానంతటదే షాక్ ఇచ్చే రకం. టైమింగ్ పర్ఫెక్ట్, ప్రతిసారీ పడుతుంది, అంటే పైన చెప్పిన షరతుల్లో రెండు ఓకే. నిజంగానే మొరగడం తగ్గింది. కానీ వారం తిరక్కుండానే అది తలుపు గీకడం మొదలుపెట్టింది, గోళ్లు విరిగి రక్తం వచ్చేదాకా. "ఇప్పుడు సౌండ్ లేదు కదా బాబూ, ఇంకేంటి" అన్నారు ఆంటీ. అది ఒంటరిగా ఉండలేక ఏడుస్తున్న కుక్క. కాలర్ ఏడుపు మ్యూట్ చేసింది, భయాన్ని అలాగే ఉంచింది. నోటిఫికేషన్ ఆఫ్ చేస్తే సర్వర్ క్రాష్ ఫిక్స్ అయినట్టా?

డేటా ఏం చెప్తోంది?

అభిప్రాయాలు పక్కన పెడితే, బ్రిటన్ ప్రభుత్వ నిధులతో లింకన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన స్టడీ 2014లో వచ్చింది. పిలిస్తే రాని, గొర్రెల వెంట పడే లాంటి సమస్యలున్న 63 పెంపుడు కుక్కల్ని మూడు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి షాక్ కాలర్లలో అనుభవం ఉన్న ట్రైనర్లు కాలర్‌తోనే నేర్పారు. రెండో గ్రూపుకి అదే ట్రైనర్లు కాలర్ లేకుండా నేర్పారు. మూడో గ్రూపుకి రివార్డ్ పద్ధతి ట్రైనర్లు. కాలర్ వల్ల చెప్పుకోదగ్గ అదనపు లాభం కనబడలేదు, స్ట్రెస్ సూచనలు మాత్రం ఆ కుక్కల్లో ఎక్కువ కనబడ్డాయి. 2020లో అదే టీమ్ వీడియోలని మళ్లీ విశ్లేషిస్తే, పిలిచినప్పుడు రావడంలో రివార్డ్ గ్రూపే ముందుంది. గమనించండి, అక్కడ బటన్ నొక్కింది అనుభవం ఉన్నవాళ్లు. మన చేతికి వచ్చేసరికి పరిస్థితి ఊహించుకోవచ్చు.

అంతకుముందు 2004లో నెదర్లాండ్స్‌లో గార్డ్ డాగ్స్ మీద వచ్చిన స్టడీ నాకు ఇంకా బలంగా తగిలింది. షాక్‌తో నేర్చుకున్న కుక్కలు ట్రైనింగ్ గ్రౌండ్‌లోనే కాదు, యజమానితో పార్కులో ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా మిగతావాటికంటే బెదురుగా కనిపించాయి. షాక్‌ని అవి తమ తప్పుతో మాత్రమే కాదు, పక్కనున్న మనిషితో కూడా ముడిపెట్టుకున్నాయన్నమాట.

ఎదుటివైపు వాదన కూడా చెప్పాలి, లేకపోతే ఇది రివ్యూ సైట్ ఎందుకవుతుంది. 2024లో అమెరికాలో 19 కుక్కలతో చేసిన ఒక స్టడీలో, కదిలే వస్తువు వెంట పరిగెత్తడాన్ని ఆపడంలో షాక్ కాలర్ గ్రూపు తొందరగా నేర్చుకుంది, తిండితో నేర్పిన గ్రూపులు ఆ కొద్ది సెషన్లలో ఆపలేకపోయాయి. శాంపిల్ చిన్నది, తిండి గ్రూపులకి నేర్పిన తీరు సరిగ్గా లేదని విమర్శలూ వచ్చాయి. అయినా పూర్తిగా కొట్టిపారేయలేం. నార్వేకి చెందిన నోఫెన్స్ లాంటి పశువుల కాలర్లు కూడా ఉన్నాయి. హద్దు దగ్గరికి వచ్చిన మేకకి ముందు ఒక సౌండ్ వినిపిస్తుంది, వెనక్కి తిరగకపోతేనే పల్స్. చాలా పశువులు సౌండ్‌కే తిరగడం నేర్చుకుంటాయి. అక్కడ మనిషి కోపం లేదు, ముందే వార్నింగ్ ఉంది, ప్రతిసారీ ఒకటే రూల్. ఇవి రెండూ నా వాదనకి వ్యతిరేకం అని నేను అనుకోవట్లేదు. శిక్ష పనిచెయ్యాలంటే ఎంత కచ్చితమైన సెటప్ కావాలో ఇవే చూపిస్తున్నాయి. ఆ సెటప్ మూడు వేల డబ్బాలో రాదు.

వేల్స్‌లో 2010 నుంచి కుక్కలకి, పిల్లులకి షాక్ కాలర్ వాడటం నిషేధం. అమెరికాలో పెట్కో అనే పెద్ద పెట్ స్టోర్ల చెయిన్ 2020లో వీటిని అమ్మడం ఆపేసింది. మన దగ్గర 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 జంతువుకి అనవసరమైన నొప్పి కలిగించడం నేరమే అంటుంది. మొదటిసారి అయితే జరిమానా ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయలు. కాలర్ డెలివరీ ఛార్జ్ కంటే తక్కువ.

హార్డ్‌వేర్ మీద నాకు కోపం లేదు

ఇందాక చెప్పిన కాలర్‌లోనే వైబ్రేషన్ మోడ్ ఉంది కదా. చెవులు వినబడని కుక్కలకి దాన్ని చాలామంది అద్భుతంగా వాడతారు. వైబ్రేట్ అయింది, వెంటనే చికెన్ ముక్క. మళ్లీ వైబ్రేట్, మళ్లీ ముక్క. కొన్ని రోజులకి వైబ్రేషన్ అంటే దానికి "నన్ను చూడు, ఏదో వస్తుంది" అని అర్థం. మన జేబులో ఫోన్ వణికితే మనం చేసేదీ అదే. అదే మోటార్‌ని మొరిగినప్పుడు బెదిరించడానికి వాడితే శిక్ష. ఒకే కాంపోనెంట్, రెండు అర్థాలు. కాబట్టి ఎవరైనా "మాది వైబ్రేషన్ మాత్రమే, హార్మ్‌లెస్" అంటే వెంటనే నమ్మకండి. తోక ముడిచిందా, మూతి నాక్కుంటోందా, కాలర్ చూడగానే మంచం కిందకి దూరుతోందా? ఆ ప్రొడక్ట్‌కి అసలు యూజర్ కుక్క, రివ్యూ కూడా అదే ఇస్తుంది.

రివార్డ్ గ్యాడ్జెట్లు కూడా పుణ్యాత్ములు కావు. ట్రీట్ విసిరే కెమెరాలు ఉన్నాయి. కుక్క మొరిగితే ఫోన్‌కి అలర్ట్ వస్తుంది, మనం ఆఫీసులో కూర్చుని పాపం అనుకుని బిస్కెట్ విసురుతాం. మొరిగితే బిస్కెట్! ఇంతకంటే బాగా మొరగడం నేర్పే మెషీన్ ఉండదు. విసిరితే అది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు విసరాలి.

సరే, మూడు వేలు బడ్జెట్ అన్నారు కదా, నేనైతే ఇలా ఖర్చు పెడతాను. కుక్క ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేస్తుందో తెలియకుండా ఏదీ కొనను. ఇంట్లో పాత ఫోన్ ఉంటే దాన్నే కెమెరాగా పెట్టి ఒక రోజు రికార్డ్ చేస్తాను. కిటికీలోంచి పిల్లిని చూసి మొరుగుతుంటే కర్టెన్ చాలు, అది పరమ చవక సొల్యూషన్. మనం వెళ్లిన పది నిమిషాలకే వణుకుతూ, తిరుగుతూ మొరుగుతుంటే అది భయం. దానికి వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, డబ్బులు అక్కడ పెట్టాలి. పారిపోయే కుక్క అయితే షాక్ లేని మామూలు జీపీఎస్ ట్రాకర్ చూడండి, దాని సిమ్ సబ్‌స్క్రిప్షన్ ఎంతో ముందే కనుక్కోండి. ఛాతీకి వేసే హార్నెస్, పది మీటర్ల పొడుగు తాడు, నడుముకి కట్టుకునే ట్రీట్ పౌచ్, ఒక క్లిక్కర్. క్లిక్కర్ మీ ఫోన్‌లో యాప్‌గా కూడా దొరుకుతుంది కానీ నొక్కిన తర్వాత సౌండ్ రావడానికి కొంచెం లేట్ అవుతుంది, ప్లాస్టిక్‌దే కొనండి. బ్యాటరీ అక్కర్లేదు, అప్‌డేట్ రాదు.

పొద్దున్నే ఆరింటికి కాలనీ గ్రౌండ్ ఖాళీగా ఉంటుంది. తాడు కట్టి వదలండి, పేరు పెట్టి ఒక్కసారే పిలవండి. మీ వైపు తల తిప్పిన క్షణంలోనే క్లిక్, దగ్గరికి వచ్చాక ఉడకబెట్టిన చికెన్. రాకపోతే అరవకండి, తాడు పట్టి గుంజకండి. దూరం తగ్గించి మళ్లీ ప్రయత్నించండి. మొదటి వారం రోజుకి పది పిలుపులు చాలు, అన్నీ గ్రౌండ్‌లో ఇంకో కుక్క లేనప్పుడే.